పోస్టులు నింపకుండా గ్రాంట్లు ప్రకటిస్తే అప్లై చేసేదెవరు?

అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ పాలక మండలికీ, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల్లో ఉన్నత విద్య బాధ్యత చూస్తున్న పెద్దలకూ,

నమస్కారం. నేను ఒక రాష్ట్ర యూనివర్సిటీలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ఆర్ అండ్ డీలో పనిచేస్తున్నాను. మీ ముగ్గురికీ కలిపి ఒకే లేఖ రాయడానికి కారణం ఉంది. అధ్యాపక పోస్టులు నింపే అధికారం రాష్ట్రాల చేతిలో ఉంది, పరిశోధనకు పెద్ద డబ్బు కేంద్రం చేతిలో ఉంది, ఈ రెండూ ఒకచోట కలవకపోతే యూనివర్సిటీలో ల్యాబ్ నడవదు. విడివిడిగా అడిగితే ప్రతి ఒక్కరూ అది మా పరిధి కాదంటారు. అందుకే అందరూ వినేలా ఒకేసారి అడుగుతున్నాను.

డబ్బు లేదని ఇప్పుడు ఎవరూ అనలేరు. 2023లో పార్లమెంటు చట్టం చేసి, పరిశోధనకు గ్రాంట్లు ఇచ్చే అనుసంధాన్ ఫౌండేషన్‌ను (ఏఎన్‌ఆర్‌ఎఫ్) పెట్టింది, సాక్షాత్తూ ప్రధానమంత్రే దాని పాలక మండలికి అధ్యక్షుడు, ఐదేళ్లకు 50,000 కోట్లు అన్నారు. అందులో ప్రభుత్వం పెట్టేది 14,000 కోట్లే, మిగతాది కంపెనీలు, దాతల నుంచి రావాలి, అది వేరే విషయం. ఆ తర్వాత 2025 జూలైలో కేంద్ర కేబినెట్ లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) నిధికి ఒప్పుకుంది. ప్రైవేటు కంపెనీలు కొత్త టెక్నాలజీ మీద పనిచేయడానికి తక్కువ వడ్డీకో, అసలు వడ్డీ లేకుండానో ఏళ్ల తరబడి అప్పు ఇచ్చే ఏర్పాటు అది. జీడీపీలో 0.64 శాతం పరిశోధన ఖర్చుతో ఏళ్ల తరబడి నెట్టుకొచ్చిన దేశంలో (కొరియా 5 శాతానికి దగ్గరగా పెడుతోంది) ఇంత మొత్తం వినబడటం మంచి సంగతే. నేను పనిచేసే రంగానికి కూడా దీనివల్ల మేలు జరుగుతుంది. నా గొడవ మొత్తం గురించి కాదు, అది ఎక్కడికి చేరుతుందన్నది.

ఒక టెక్నాలజీ ఎంత సిద్ధమైందో తొమ్మిది మెట్లుగా కొలుస్తారు. ఆర్‌డీఐ నిధి నాలుగో మెట్టు, ఆపైన ఉన్న టెక్నాలజీకి. అంటే ఆలోచన పుట్టి, సూత్రం రుజువై, ల్యాబ్‌లో పనిచేస్తుందని తేలిన తర్వాత. ఆ మొదటి మూడు మెట్లు కంపెనీలో ఎక్కరు. నేను కంపెనీలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, పదిలో తొమ్మిది ఫెయిలయ్యే పనికి ఏ మేనేజరూ మూడేళ్లు ఆగడు, ఆగలేడు కూడా, అతని మీద ఉండే టెన్షన్ అతనికి ఉంటుంది. ఆ పని జరిగేది యూనివర్సిటీ ల్యాబ్‌లో, ఒక గైడు, ఇద్దరు ముగ్గురు స్కాలర్ల మధ్య, ఫలితం వచ్చినా రాకపోయినా. కానీ దేశం మొత్తం పరిశోధన ఖర్చులో ఉన్నత విద్యా సంస్థల వాటా 2020-21 లెక్కల ప్రకారం 9 శాతం కూడా లేదు. కింది మూడు మెట్లకు డబ్బు లేకుండా నాలుగో మెట్టు నుంచి లక్ష కోట్లు పోస్తే, ఆ డబ్బు తీసుకునే కంపెనీలు టెక్నాలజీని బయట దేశాల నుంచి లైసెన్సుకు తెచ్చుకోవడమే సులువనుకుంటాయి. అలా జరగకూడదనే కదా ఇదంతా మొదలుపెట్టింది?

ఇక అసలు విషయానికి వస్తాను. ఏఎన్‌ఆర్‌ఎఫ్ గ్రాంటుకు అప్లై చేయాలంటే రెగ్యులర్ ఉద్యోగం ఉండాలి. కొత్తగా చేరిన యువ అధ్యాపకుల కోసం ప్రధానమంత్రి పేరుతో 60 లక్షల గ్రాంటు పెట్టారు, చాలా మంచి పథకం, దానికీ ఇదే షరతు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గైడుగా ఉండాలన్నా పర్మనెంట్ అధ్యాపకుడే కావాలి. ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్ చేయకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్‌ను తీసుకోకూడదు. ఈ నిబంధనల్లో ఏ ఒక్కటీ తప్పని నేను అనడం లేదు. కానీ వీటన్నిటినీ మన రాష్ట్రాల్లోని ఒక డిపార్ట్‌మెంటుకు తీసుకెళ్లి పక్కన పెట్టి చూడండి. పదిహేను మంది ఉండాల్సిన చోట నలుగురు రెగ్యులర్, అందులో ఇద్దరికి రిటైర్మెంట్ దగ్గర పడింది, మిగతా క్లాసులన్నీ కాంట్రాక్టు, పార్ట్‌టైమ్, గెస్ట్ లెక్చరర్లే చెబుతున్నారు. అలాంటి డిపార్ట్‌మెంటులో కొత్త స్కాలర్లను తీసుకోగలిగింది ఇద్దరే. గ్రాంటుకు అప్లై చేయగలిగింది మహా అయితే ఇద్దరు ముగ్గురు, వాళ్లలో ఒకరు హెడ్‌గా ఉంటారు, ఒకరికి పరీక్షల విభాగంలో అదనపు బాధ్యత ఉంటుంది. పీహెచ్‌డీ ఉండి, పేపర్లు ఉండి, చేతినిండా ఐడియాలున్న కాంట్రాక్టు అధ్యాపకుడికి మాత్రం ఏఎన్‌ఆర్‌ఎఫ్ పోర్టల్‌లో ఫారం తెరిచే అర్హత కూడా లేదు.

అంటే పోస్టు ఖాళీగా ఉంటే పోయేది ఒక జీతం కాదు. ఆ పోస్టుతో నాలుగు నుంచి ఎనిమిది పీహెచ్‌డీ సీట్లు పోతాయి, ఒక గ్రాంటు అప్లికేషన్ పోతుంది, ఆ గ్రాంటుతో వచ్చే పరికరం పోతుంది, ఆ పరికరం మీద చేయి తిరిగి బయటికొచ్చి మాలాంటి కంపెనీల్లో చేరాల్సిన పిల్లలు పోతారు. ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చున్నప్పుడు నాకు ఇది కళ్లముందు కనబడుతుంది. ఎమ్మెస్సీలో మంచి మార్కులు ఉంటాయి, తెలివి ఉంటుంది, కానీ హెచ్‌పీఎల్‌సీని (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) ఎప్పుడైనా స్వయంగా నడిపావా అని అడిగితే దూరం నుంచి చూపించారు సార్ అంటారు. ఆ పిల్లల తప్పేముంది ఇందులో?

ఖాళీల సంగతి మీకు తెలియంది కాదు. 2025 ఫిబ్రవరిలో నీతి ఆయోగ్ రాష్ట్ర యూనివర్సిటీల మీద ఇచ్చిన నివేదికే చెప్పింది, దేశంలో ఉన్నత విద్య చదివేవాళ్లలో 81 శాతం మంది ఈ వ్యవస్థలోనే ఉన్నారు, అధ్యాపక పోస్టుల్లో 40 శాతానికి పైగా ఖాళీ. మన దగ్గర అంతకంటే అన్యాయం. తెలంగాణ యూనివర్సిటీల్లో మంజూరైన పోస్టుల్లో మూడింట రెండు వంతులకు పైగా ఖాళీగా ఉన్నాయి, రాష్ట్రం వచ్చాక ఒక్క పెద్ద రెగ్యులర్ నియామకం కూడా జరగలేదు. 2022లో కామన్ రిక్రూట్‌మెంట్ బోర్డు బిల్లు అసెంబ్లీలో పాసై గవర్నర్ ఆమోదం దొరక్క ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 చివర్లో 3,220 పోస్టులు నింపుతామన్నారు, కోర్టులో ఆగింది. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, డిపార్ట్‌మెంట్లలో ఖాళీ గదులు మాత్రం అలాగే ఉన్నాయి. అధికారంలో ఏ పార్టీ ఉన్నా నేను ఇదే రాసేవాణ్ని.

రాష్ట్ర యూనివర్సిటీల నుంచి ఏమొస్తుంది, ఐఐటీలకో, సెంట్రల్ యూనివర్సిటీలకో ఇస్తే సరిపోదా అనే మాట ఢిల్లీలోనే కాదు, మన ఊళ్లల్లో చదువుకున్నవాళ్ల నోట కూడా వింటాను. వాళ్లకు శాంతా బయోటెక్నిక్స్ కథ ఒకసారి గుర్తుచేయాలి. 1990ల మొదట్లో మన దేశంలో హెపటైటిస్-బి టీకా అంటే దిగుమతి సరుకే, ఒక్కో డోసు వందల రూపాయలు, మామూలు కుటుంబం పిల్లలకు మూడు డోసులు వేయించే పరిస్థితి లేదు. 1993లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు ఆ టీకాను ఇక్కడే తయారుచేయాలని కంపెనీ పెట్టారు. సొంత ల్యాబ్ లేదు. పని మొదలుపెట్టింది ఉస్మానియా యూనివర్సిటీలో దొరికిన చోటులో, తర్వాత హైదరాబాద్‌లోనే ఉన్న కేంద్ర జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో కొనసాగించారు. 1997లో షాన్‌వాక్-బి బయటికి వచ్చింది, రీకాంబినెంట్ (జన్యు ఇంజనీరింగ్) పద్ధతిలో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా అది, దిగుమతి టీకా ధరలో చిన్న భాగానికే. ఆ తర్వాత మరిన్ని దేశీయ కంపెనీలు వచ్చాయి, ధర ఇంకా పడింది, తర్వాత అది సర్కారు టీకాల్లో చేరింది. ఆ రోజు ఆ మనిషికి తలుపు తెరిచింది ఒక రాష్ట్ర యూనివర్సిటీ. అక్కడ అప్పుడు ల్యాబ్ ఉంది, సూక్ష్మజీవుల మీద పనిచేసిన మనుషులు ఉన్నారు, పక్కనే సీసీఎంబీ ఉంది. ఇప్పుడు అలాంటి ఆలోచనతో ఒక కుర్రాడు వస్తే తలుపు తెరవడానికి అక్కడ ఎంతమంది మిగిలారో లెక్కపెట్టండి.

హైదరాబాద్ మందుల పరిశ్రమ కూడా ఊరికే పుట్టలేదు. 1944లో హైదరాబాద్ సంస్థానం పెట్టిన సెంట్రల్ లేబొరేటరీసే తర్వాత కేంద్ర రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ అయింది. 1961లో కేంద్రం ఐడీపీఎల్ అనే సర్కారు మందుల కంపెనీ పెట్టి ఇక్కడ ఒక యూనిట్ కట్టింది. డాక్టర్ రెడ్డీస్ అంజిరెడ్డి గారు సొంత కంపెనీ పెట్టకముందు పనిచేసింది అందులోనే. ఈ సంస్థలకూ, కంపెనీలకూ మనుషులను అందించింది ఉస్మానియా టెక్నాలజీ కాలేజీ, ఆంధ్రా కెమిస్ట్రీ, కాకతీయ ఫార్మసీ. ఆ రోజుల్లో లాభం లెక్క చూడకుండా సర్కారు పెట్టిన డబ్బు వల్లే ఇప్పుడు నాకు జీతం వస్తోంది. నాలాంటి వేలమందికి కూడా.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్రా యూనివర్సిటీ) విషయం ఇంకా చెప్పాలి, 1926లో పుట్టిన ఆ సంస్థకు 2026తో నూరేళ్లు. కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి వైస్ ఛాన్సలర్, ఆ తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. 1930లలో వాల్తేరు కొండ మీద వాళ్లు మొదట చేసిన పని మంచి మనుషులను వెతికి తెచ్చుకోవడం. అలా వచ్చినవాళ్లలో టి.ఆర్. శేషాద్రి గారు ఒకరు. మొక్కల్లోని రంగు పదార్థాల రసాయనశాస్త్రం మీద అక్కడ ఒక బృందాన్నే తయారుచేసి, తర్వాత ఢిల్లీ వెళ్లి, 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఫిజిక్స్ చెప్పిన సూరి భగవంతం గారు ఆ తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఐఐఎస్సీ డైరెక్టర్, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. గణాంకశాస్త్రంలో ప్రపంచం గౌరవించిన సి.ఆర్. రావు గారు లెక్కల్లో ఎం.ఏ. చదివింది అక్కడే. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ భవనాలను సైన్యం తీసుకుంటే యూనివర్సిటీ కొన్నేళ్లు గుంటూరుకు తరలిపోయింది కూడా. అయినా నిలబడింది, ఎందుకంటే మనుషులు ఉన్నారు. నూరేళ్ల పండుగకు ఆడిటోరియానికి రంగులు వేయడం, స్మారక సంచిక వేయడం అందరూ చేస్తారు. మంజూరైన ప్రతి అధ్యాపక పోస్టునూ నింపి చూపించండి, శేషాద్రి గారికి అంతకంటే మంచి నివాళి ఉండదు.

మనుషుల తర్వాత వచ్చేది నిర్వహణ. దీని గురించి పెద్ద సభల్లో ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను కాస్త ఎక్కువ చెబుతాను. నేను చదివిన డిపార్ట్‌మెంటులో అణువు నిర్మాణాన్ని చూపించే ఒక ఎన్‌ఎంఆర్ యంత్రం ఉండేది, ఒక ప్రాజెక్టు కింద కొన్నది. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు బాగానే నడిచింది. ప్రాజెక్టు ముగిసింది, వారెంటీ అయిపోయింది, ఏఎంసీ (ఏటా నిర్వహణ ఒప్పందం) కట్టడానికి ఏ పద్దులోనూ డబ్బు లేదు. ఆ యంత్రానికి ద్రవ హీలియం ఎప్పటికప్పుడు నింపుతూ ఉండాలి, లేకపోతే అయస్కాంతం పని అయిపోయినట్టే. ఫైలు డిపార్ట్‌మెంటు నుంచి రిజిస్ట్రార్ ఆఫీసుకు, అక్కడి నుంచి ఫైనాన్స్‌కు తిరిగింది, తిరిగేలోపు యంత్రం ఆగిపోయింది. ఆ తర్వాత మా శాంపిళ్లన్నీ కొరియర్‌లో వేరే సంస్థకు పంపి, వాళ్ల స్కాలర్ల పని అయ్యాక మా వంతు కోసం వారాలు చూసేవాళ్లం. ఒక రియాక్షన్ పనిచేసిందో లేదో మధ్యాహ్నానికి తేలాల్సింది నెలాఖరుకు తేలితే ఆ పరిశోధన వేగం ఏముంటుంది? మంచి పరికరం కొనివ్వడం రిబ్బన్ కటింగ్‌తో అయిపోదు. ఏటా నిర్వహణ ఖర్చు, దాన్ని నడిపే ఒక పర్మనెంట్ టెక్నీషియన్, ఈ రెండూ మొదటి రోజే మంజూరు కాకపోతే ఆ పరికరం కొనొద్దు. ఇంత కటువుగా చెప్పాల్సి రావడం నాకే బాధగా ఉంది.

ఆడిట్ గొడవ కూడా ఉంది. ఏడాది మధ్యలో గ్రాంటు విడుదలవుతుంది, కొటేషన్లు, కమిటీ, ఆర్డరు అయ్యేలోపు మార్చి 31 వస్తుంది, మిగిలిన డబ్బు వెనక్కి పోతుంది, మళ్లీ యుటిలైజేషన్ సర్టిఫికెట్లు పంపి ఎదురుచూడాలి, ఈలోపు ప్రాజెక్టులో పనిచేసే పిల్లవాడికి జీతం ఉండదు. కేంద్రం కొన్ని మంచి పనులు చేసింది, అవీ చెప్పాలి. పరిశోధన గ్రాంట్ల మీద జీఎస్టీ 2024లో ఎత్తేశారు. 2025 జూన్‌లో శాస్త్రీయ పరికరాలను సర్కారు కొనుగోళ్ల జెమ్ పోర్టల్ బయట కూడా కొనుక్కోవచ్చన్నారు, నేరుగా కొనే పరిమితి లక్ష నుంచి రెండు లక్షలకు పెంచారు. కానీ ఆ సడలింపు కేంద్ర సంస్థల కోసం చేసింది, రాష్ట్ర యూనివర్సిటీలు రాష్ట్ర ఆర్థిక నిబంధనల కింద నడుస్తాయి. రెండు రాష్ట్రాల ఆర్థిక శాఖలూ అదే సడలింపును ఒక జీవోతో తెచ్చుకోవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు! ఎందుకు ఆలస్యం?

పరిశోధన జర్నళ్లకు దేశమంతటికీ కేంద్రమే చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ గురించి కూడా ఒక మాట. 2025 నుంచి దాదాపు 13,000 జర్నళ్లు రాష్ట్ర యూనివర్సిటీల స్కాలర్లు కూడా ఉచితంగా చదువుకునే వీలు వచ్చింది. మా రోజుల్లో ఒక పేపర్ కావాలంటే అమెరికాలో ఉన్న సీనియర్లకు మెయిల్ పెట్టి బతిమాలేవాళ్లం. కేంద్రం అనుకుంటే ఐఐటీకీ పాలమూరు యూనివర్సిటీకీ ఒకే సదుపాయం ఇవ్వగలదని ఈ పథకం రుజువు చేసింది. మరి ఫెలోషిప్ దగ్గర ఆ సమానత్వం ఎందుకు లేదు? నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవాళ్లకు నెలకు 37,000 వస్తుంది. అది రాకపోతే సెంట్రల్ యూనివర్సిటీ స్కాలర్‌కు కనీసం 8,000 నాన్-నెట్ ఫెలోషిప్ ఉంది, ఆ మొత్తం 2012 నుంచి పెరగలేదు, అదొక అన్యాయం. రాష్ట్ర యూనివర్సిటీ స్కాలర్‌కు అదీ లేదు. అతను ఉదయం ల్యాబ్‌లో, సాయంత్రం కోచింగ్ సెంటర్‌లో, సెలవుల్లో పోటీ పరీక్షల పుస్తకాలతో గడుపుతాడు, గ్రూప్-2 వస్తే థీసిస్ సగంలో వదిలేసి వెళ్లిపోతాడు. నేను అతన్ని తప్పుపట్టను. కొరియా 1999లో యూనివర్సిటీల కోసం బీకే21 అనే పథకం మొదలుపెట్టినప్పుడు ఎక్కువ డబ్బు పెట్టింది భవనాలకు కాదు, పీజీ, పీహెచ్‌డీ విద్యార్థుల స్టైపెండ్లకు. చదివే మనిషి ఇంటి అద్దె గురించి ఆలోచించకుండా ఉంటేనే ప్రయోగం గురించి ఆలోచిస్తాడని వాళ్లు గుర్తించారు.

ఇప్పుడు మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. రాష్ట్ర యూనివర్సిటీల్లో నాణ్యత లేదు, కాపీ థీసిస్‌లు, డబ్బిచ్చి పేపర్లు వేయించుకోవడం, నియామకాల్లో సిఫారసులు, కులం, రాజకీయం. నిజమే, ఇవన్నీ ఉన్నాయి, నేను చూశాను. అందుకని పోస్టులు నింపకుండా ఆపితే నాణ్యత పెరిగిందా? పన్నెండేళ్లు ఆపి చూశాం కదా, ఉన్న నాణ్యత కూడా పోయింది. నింపండి, కానీ సరిగ్గా నింపండి. సబ్జెక్టు పరీక్ష, తర్వాత బయటి రాష్ట్రాల నిపుణుల ముందు సెమినార్, అభ్యర్థులందరి మార్కులూ విడివిడిగా వెబ్‌సైట్‌లో పెట్టడం, ఇంటర్వ్యూ రికార్డు చేసి దాచడం, ఇవి చేస్తే కోర్టుకు వెళ్లేవాళ్లు కూడా తగ్గుతారు. ఏళ్ల తరబడి కాంట్రాక్టులో పనిచేసినవాళ్లకు అనుభవానికి న్యాయమైన వెయిటేజీ ఇవ్వండి, ఆ సంఖ్య ఎంతో నోటిఫికేషన్‌లోనే రాయండి. చేరినవాళ్ల పరిశోధనను ఐదేళ్లకోసారి బయటివాళ్లతో సమీక్ష చేయించండి, మంచి అధ్యాపకులు ఎవరూ దీనికి భయపడరు.

వైస్ ఛాన్సలర్ల విషయంలో రెండు ప్రభుత్వాలూ ఒకేలా ప్రవర్తించాయి. తెలంగాణలో 2024 మేలో వీసీల పదవీకాలం అయిపోతే అక్టోబర్ దాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జీలు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది ప్రభుత్వం మారగానే వీసీలు వరసగా రాజీనామాలు చేశారు, కొత్తవాళ్లు వచ్చింది 2025 ఫిబ్రవరిలో. పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో మూడేళ్ల ముందే తెలిసిన కుర్చీకి ముందుగా సెర్చ్ కమిటీ వేయడం అంత కష్టమైన పనేమీ కాదు. వీసీ లేకపోతే పెద్ద కొనుగోళ్లకు సంతకం ఉండదు, నియామకాలు కదలవు, కంపెనీలతో ఒప్పందాలు ఆగిపోతాయి. మా కంపెనీలాంటివి యూనివర్సిటీతో కలిసి పనిచేయాలని అనుకుని, ఆరు నెలలు ఎదురుచూసి, చివరికి వేరే రాష్ట్రంలో ప్రైవేటు యూనివర్సిటీకి వెళ్లిపోవడం నేను దగ్గర నుంచి చూశాను.

అడిగేవి కొన్నే. ఏఎన్‌ఆర్‌ఎఫ్ వాళ్లను అడిగేది, రాష్ట్రం ఒక సైన్స్ అధ్యాపకుణ్ని పారదర్శకంగా రెగ్యులర్‌గా నియమిస్తే ఆ వ్యక్తికి మొదటి ఏడాదే పోటీ లేకుండా ల్యాబ్ మొదలుపెట్టుకునే గ్రాంటు మీరు ఇవ్వండి. ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కు ముందు గ్రాంట్లు ఇచ్చిన సెర్బ్ ఉన్న రోజుల్లో రాష్ట్ర యూనివర్సిటీల కోసం 30 లక్షల దాకా ఇచ్చే ష్యూర్ అనే పథకం పెట్టారు, దాన్ని పెద్దది చేసి ఈ నియామకాలకు ముడిపెడితే చాలు. అప్పుడు పోస్టు నింపని రాష్ట్రానికి తాను ఎంత పోగొట్టుకుంటోందో ఏటా అంకెల్లో తెలుస్తుంది, నింపిన రాష్ట్రానికి నింపినందుకు ఫలితం కనబడుతుంది. పెద్ద సంస్థల చుట్టూ చిన్న యూనివర్సిటీలను చేర్చే పెయిర్ కార్యక్రమంలో చిన్న యూనివర్సిటీకి వచ్చే వాటా ఖర్చు నిర్ణయం దాని చేతిలోనే ఉంచండి. కాంట్రాక్టులో ఐదేళ్లు దాటిన పీహెచ్‌డీ అధ్యాపకులను కనీసం సహ పరిశోధకులుగా ఒప్పుకోండి.

తెలంగాణ ప్రభుత్వానికి: ఉస్మానియాకు వెయ్యి కోట్లు ఇస్తామని 2025 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి గారు క్యాంపస్‌కు వచ్చి ప్రకటించారు. హాస్టళ్లు కావాలి, ఆ గదుల్లో ఉన్నవాడికి తెలుసు ఎంత అవసరమో. ఆ మొత్తంలో ఒక భాగాన్ని నిధిగా పక్కన పెట్టి, దానిమీద వచ్చే వడ్డీని పరికరాల నిర్వహణకూ, టెక్నీషియన్ల జీతాలకూ మాత్రమే వాడేలా కట్టుదిట్టం చేయండి. కాకతీయ, తెలంగాణ, మహాత్మాగాంధీ, శాతవాహన, పాలమూరు యూనివర్సిటీలను మరిచిపోకండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి: అమరావతిలో క్వాంటమ్ కంప్యూటర్ పెడుతున్నారు, సంతోషం. దాన్ని వాడే మనుషులు తయారవ్వాల్సిన ఆంధ్రా, నాగార్జున, శ్రీవేంకటేశ్వర, శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీల ఫిజిక్స్, మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్లలో ఎంతమంది రెగ్యులర్ అధ్యాపకులు మిగిలారో ఆ ప్రాజెక్టు ఫైలుతోపాటే ఒక పేజీ పెట్టించుకుని చూడండి.

రెండు ప్రభుత్వాలూ ముందుగా చేయగలిగిన పని ఒకటి ఉంది. యూనివర్సిటీల వారీగా, డిపార్ట్‌మెంట్ల వారీగా మంజూరైన పోస్టులు ఎన్ని, నిండినవి ఎన్ని, రాబోయే ఐదేళ్లలో రిటైరయ్యేవాళ్లు ఎంతమంది, ఈ మూడు అంకెలూ ప్రతి యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పెట్టించండి, ప్రతి మూడు నెలలకూ మార్పించండి. ఆ పట్టిక పక్కనే ఏ పోస్టుకు ఏ నెలలో నోటిఫికేషన్ వస్తుందో తేదీ రాయండి. వచ్చే అకడమిక్ ఇయర్ మొదలయ్యేలోపు మొదటి పట్టిక రావాలి.

ఇట్లు,
రాష్ట్ర యూనివర్సిటీలో చదువుకున్న ఒక కెమిస్ట్, హైదరాబాద్